వాగు పేరు పెట్టుకున్న వంశం

తొమ్మిదో తరగతిలో అనువంశికత పాఠం ముగించి, "సందేహాలు ఏమైనా ఉన్నాయా?" అని అడిగాను. మూడో బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది.

"మాష్టారూ! మా ఇంట్లో మేం ముగ్గురం ఆడపిల్లలమే. నాన్న తర్వాత మా ఇంటిపేరు నిలబెట్టేవాళ్ళు లేరు. వంశం ఆగిపోయినట్టేనని మా నాయనమ్మ బాధపడుతూ ఉంటుంది. సైన్సు ప్రకారం కూడా అది నిజమేనా?"

ఇంతలో గంట కొట్టారు. ఒక్క ముక్కలో చెప్పే జవాబు కాదు కనుక "రేపు చెబుతాను" అన్నాను. ఆ రేపు చెప్పిన పాఠమే ఇది. చదివేవారిలో అదే సందేహం ఉన్నవాళ్ళు ఇంకా ఉంటారు.

జవాబు కోసం మనం ముందు ఇంగ్లండు వెళ్ళాలి. ఎందుకంటారా? ఇంటిపేరు అంటే ఏమిటి, అది ఎంతకాలం నిలుస్తుంది, దానికీ రక్తసంబంధానికీ పొత్తు ఎంత అన్న ప్రశ్నలను అక్కడి శాస్త్రజ్ఞులు లెక్కలు కట్టి, పరీక్షలు చేసి చూశారు. వారు పరీక్షించిన ఇంటిపేర్లలో ఒకటి "సైక్స్". దాని కథతోనే మొదలుపెడదాం.

వాగు పక్క ఇల్లు

ఇంగ్లండు ఉత్తర భాగంలో యార్క్‌షైర్ అనే ప్రాంతం ఉంది. దాని పడమటి భాగాన్ని వెస్ట్ రైడింగ్ అనేవారు. 1974లో జరిగిన జిల్లాల మార్పుతో ఆ పేరు గల పాలనా విభాగం లేకుండా పోయింది గాని, చరిత్ర పుస్తకాలలో అదే పేరు కనబడుతుంది. పెనైన్ అనే కొండల వరుస అక్కడ ఉంది. వాన ఎక్కువ. కొండవాలులో, చిత్తడి నేలలో ఎక్కడ చూసినా సన్నని నీటిపాయలు పారుతూ ఉంటాయి. అలాంటి పిల్లవాగును అక్కడివారు తమ యాసలో "సైక్" అంటారు. ఇది చాలా పాత మాట. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులోనూ ఉంది, ఉత్తర ఐరోపా నుంచి వచ్చి స్థిరపడినవారి భాషలోనూ ఉంది.

ఒకప్పుడు అక్కడ ఎవరో ఒక రైతు ఇల్లు ఇలాంటి వాగు పక్కన ఉండేది. ఊళ్ళో అదే పేరు గలవాళ్ళు మరో ముగ్గురు ఉండి ఉంటారు. "ఏ జాన్?" అంటే "వాగు దగ్గరి జాన్" అని చెప్పుకునేవారు. ఆ మాటే కొడుకుకు, మనవడికి అంటుకుని, చివరికి "సైక్స్" అనే ఇంటిపేరు అయింది. "అట్‌వుడ్" అంటే అడవి దగ్గరివాడు, "అట్‌వెల్" అంటే బావి దగ్గరివాడు. ఇవీ ఇదే పద్ధతిలో పుట్టిన ఇంటిపేర్లు.

ఇంటిపేర్లు ఎప్పుడు పుట్టాయి?

ఇంగ్లండులో మొదటి నుంచీ ఇంటిపేర్లు ఉన్నాయనుకోకండి. 1066లో నార్మన్లు ఆ దేశాన్ని జయించేనాటికి సామాన్యులకు ఒక్క పేరే ఉండేది. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే ఇంటిపేరును మొదట పెట్టుకున్నవారు భూములు గల నార్మన్ ప్రభువులు. భూమి ఎవరిది, తర్వాత ఎవరికి చెందాలి అని రాసుకోవలసిన అవసరం వారికే ముందు వచ్చింది. తర్వాత నెమ్మదిగా ఆ అలవాటు కింది తరగతులకు పాకింది. 1377, 1379, 1381 సంవత్సరాలలో రాజు తలపన్ను వేశాడు. పన్ను వసూలు చేసేవాడికి "జాన్" అంటే చాలదు కదా! ఏ జాన్ అన్నది రాయాలి. ఇలా 1400 ప్రాంతానికి ఇంగ్లండులో చాలా కుటుంబాలకు ఇంటిపేరు స్థిరపడింది. ఉత్తరాది ప్రాంతాలలో ఇంకొంచెం ఆలస్యమైంది.

ఈ పేర్లను నాలుగు రకాలుగా విడదీయవచ్చు.

మొదటిది, స్థలాన్ని బట్టి వచ్చినవి. సైక్స్, హిల్ అంటే కొండ, వుడ్ అంటే అడవి. రెండవది, తండ్రి పేరును బట్టి వచ్చినవి. జాన్సన్ అంటే జాన్ కొడుకు. మూడవది, వృత్తిని బట్టి వచ్చినవి. స్మిత్ అంటే కమ్మరి, బేకర్ అంటే రొట్టెలు కాల్చేవాడు, టైలర్ అంటే బట్టలు కుట్టేవాడు. నాలుగవది, మనిషి తీరును బట్టి వచ్చినవి. షార్ట్ అంటే పొట్టివాడు, ఆర్మ్‌స్ట్రాంగ్ అంటే బలమైన చేతులవాడు.

ఇందులో ఒక తమాషా చూడండి. ఉన్ని బట్ట నేశాక దాన్ని నీళ్ళలో వేసి తొక్కి చిక్కన చేయాలి. ఈ పని చేసేవాడిని ఇంగ్లండు ఉత్తరాన "వాకర్" అనేవారు, ఆగ్నేయంలో "ఫుల్లర్" అనేవారు, నైరుతిలో "టక్కర్" అనేవారు. పని ఒకటే, పేర్లు మూడు. ఒక కుటుంబం ఇంటిపేరు టక్కర్ అయితే, దాని మూలం నైరుతి ఇంగ్లండు కావచ్చునని ఊహించవచ్చు. ఇంటిపేరు కొన్నిసార్లు పాత చిరునామాలా పనికివస్తుంది!

మన దగ్గర ఇంటిపేరు పేరుకు ముందు వస్తుంది, వాళ్ళకు చివర వస్తుంది. తేడా అంతే. ఊరిపేర్లే ఇంటిపేర్లయిన కుటుంబాలు మనలోనూ ఎన్నో ఉన్నాయి.

కమ్మరులు ఎందరు?

పేర్లు లెక్కపెట్టాలంటే రాతపుస్తకాలు కావాలి. ఇంగ్లండులో 1538 నుంచి ప్రతి చర్చిలోనూ బారసాలలు, పెళ్ళిళ్ళు, మరణాలు పుస్తకంలో రాయాలని ఆజ్ఞ వచ్చింది. 1837 నుంచి ప్రభుత్వమే జనన మరణాలను నమోదు చేయసాగింది. 1841 నుంచి జనాభా లెక్కలలో మనుషుల పేర్లు కూడా భద్రపరిచారు.

ఈ రికార్డుల ఆధారంగా 1853లో అక్కడి నమోదు శాఖ ఒక పట్టిక తయారుచేసింది. ఇంగ్లండు, వేల్స్ ప్రాంతాలలో ప్రతి 73 మందిలో ఒకరు స్మిత్, ప్రతి 76 మందిలో ఒకరు జోన్స్ అని తేలింది. స్మిత్‌లు సుమారు 2 లక్షల 53 వేల మంది! కారణం ఊహించగలరా? కమ్మరి లేని ఊరు లేదు. నాగలి కర్రు, గుర్రపు లాడం, కత్తి, మేకు అన్నీ అతడే చేయాలి. కనుక ఒక్కో ఊరిలో ఒక్కో కమ్మరి కుటుంబానికి విడివిడిగా అదే పేరు వచ్చింది. ఇద్దరు స్మిత్‌లు కలిస్తే వాళ్ళు చుట్టాలని అనుకోవడానికి ఏ ఆధారమూ లేదు.

సైక్స్ సంగతి అలా కాదు. 1881 జనాభా లెక్కల్లో సైక్స్‌లు అత్యధికంగా కనిపించేది యార్క్‌షైర్‌లోనే. అందులోనూ హడర్స్‌ఫీల్డ్ అనే ఊరి చుట్టుపక్కల, కోల్న్ నది లోయలో చిక్కగా ఉన్నారు. అది ఉన్ని నేత ప్రాంతం. ఇంటింటా మగ్గాలు, తర్వాత మిల్లులు. ఊళ్ళోనే పని దొరికితే ఊరు విడిచి పోవలసిన అవసరం తక్కువ. కాబట్టి ఆ పేరు పుట్టిన చోటనే వేళ్ళూనింది. తర్వాత రైళ్ళూ ఓడలూ వచ్చాక పొరుగునున్న లాంకషైర్‌కూ, అమెరికా, ఆస్ట్రేలియా దేశాలకూ పాకింది.

డార్విన్ కొడుకు లెక్క

పరిణామ సిద్ధాంతం చెప్పిన చార్లెస్ డార్విన్ మీకు తెలుసు. ఆయన పెళ్ళాడింది తన మేనమామ కూతురినే. దగ్గరి బంధువుల పెళ్ళిళ్ళ వల్ల పిల్లల ఆరోగ్యం దెబ్బతింటుందేమోనన్న దిగులు ఆయనకు ఉండేది. అలాంటి పెళ్ళిళ్ళు దేశంలో ఎన్ని జరుగుతున్నాయో తెలుసుకోవాలని ఆయన కొడుకు జార్జ్ డార్విన్ 1875లో పూనుకున్నాడు. ఇంటింటికీ వెళ్ళి అడగడం సాధ్యమా? ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు.

73 మందిలో ఒకరు స్మిత్ కదా. పెళ్ళికొడుకు స్మిత్ అయ్యే అవకాశం 73లో 1. పెళ్ళికూతురు కూడా పుట్టింటి పేరు స్మిత్ అయ్యే అవకాశం 73లో 1. రెండూ కాకతాళీయంగా జరగాలంటే 73ను 73తో గుణించాలి. 5,329 పెళ్ళిళ్ళలో ఒకటి అన్నమాట. ఇలాగే మిగిలిన పేర్లకూ కట్టి కూడితే, కేవలం యాదృచ్ఛికంగా వధూవరులకు ఒకే ఇంటిపేరు ఉండే పెళ్ళిళ్ళు ఎన్నో తెలుస్తుంది. నిజంగా జరిగినవి అంతకన్నా చాలా ఎక్కువ ఉన్నాయి. ఆ అదనపు పెళ్ళిళ్ళలో చాలావరకు అన్నదమ్ముల బిడ్డల మధ్య జరిగినవని ఆయన తీసుకున్నాడు. దాని నుంచి మొత్తం దగ్గరి బంధువుల పెళ్ళిళ్ళను అంచనా కట్టాడు.

ఇక్కడ కొంచెం ఆలోచించండి. ఈ పద్ధతి మన తెలుగునాట పనిచేస్తుందా? పనిచేయదు. మన దగ్గర అన్నదమ్ముల బిడ్డలు అన్నాచెల్లెళ్ళతో సమానం, వాళ్ళకు పెళ్ళి చేయరు. మేనరికంలో మేనబావకూ మరదలికీ ఇంటిపేర్లు వేరువేరుగా ఉంటాయి. బంధుత్వం దగ్గరిదే, కాని ఇంటిపేరు దాన్ని చూపించదు. ఒక దేశంలో పనిచేసిన కొలబద్ద మరో దేశంలో ఆచారాన్ని బట్టి పనికిరాకుండా పోవచ్చు. సైన్సులో ఇది గుర్తుంచుకోవలసిన సంగతి.

నాణెం ఆట

ఇప్పుడు ఆ అమ్మాయి నాయనమ్మగారి దిగులుకు వద్దాం. సరిగ్గా అదే దిగులు నూటయాభై ఏళ్ళ కిందట ఇంగ్లండులోని గొప్ప కుటుంబాలవారికీ ఉండేది. ఒకనాటి పెద్ద పెద్ద ఇంటిపేర్లు ఎన్నో కనబడకుండా పోయాయి. "పెద్దింటివాళ్ళ సత్తువ తగ్గిపోతోంది" అని కొందరు అన్నారు. డార్విన్‌కు బంధువైన ఫ్రాన్సిస్ గాల్టన్‌కు అనుమానం వచ్చింది. సత్తువ తగ్గకపోయినా, కేవలం యాదృచ్ఛికంగానే పేర్లు అంతరించవచ్చు కదా? దీన్ని 1873లో ఒక లెక్కగా ప్రకటించాడు. హెన్రీ వాట్సన్ అనే మతగురువు దాన్ని సాధించే మార్గం చూపాడు.

ఆ లెక్కను మనం ఒక నాణెంతో ఆడవచ్చు. 100 కుటుంబాలు ఉన్నాయనుకుందాం. ఒక్కొక్కదానికీ ఒక్కో వేరు ఇంటిపేరు, ఒక్కో మగవాడు. ప్రతి మగవాడి తరఫునా నాణేన్ని రెండుసార్లు ఎగరేయండి. ఎన్ని బొమ్మలు పడితే అన్ని మగసంతానం. బొమ్మ పడకపోతే కొడుకులు లేరు.

రెండుసార్లూ బొరుసు పడే అవకాశం నాలుగింట ఒకటి. అంటే మొదటి తరంలోనే సుమారు 25 ఇంటిపేర్లు పోతాయి. 50 కుటుంబాలలో ఒక్కొక్క కొడుకు, 25 కుటుంబాలలో ఇద్దరేసి కొడుకులు ఉంటారు. మొత్తం మగవాళ్ళు మళ్ళీ 100 మందే! జనాభా తగ్గలేదు, పేర్లు మాత్రం తగ్గాయి.

రెండవ తరం చూద్దాం. ఒక్క కొడుకున్న 50 కుటుంబాలలో నాలుగో వంతు, అంటే 12 లేదా 13 పేర్లు పోతాయి. ఇద్దరు కొడుకులున్న ఇంట్లో పేరు పోవాలంటే ఇద్దరికీ కొడుకులు లేకపోవాలి. ఆ అవకాశం పదహారింట ఒకటి. కనుక ఆ 25లో ఒకటో రెండో పోతాయి. ఇంతవరకు పోయినవి మొత్తం 39. ఇలా కట్టుకుంటూ పోతే మూడవ తరానికి 48, అయిదవ తరానికి 60, పదవ తరానికి 74 పేర్లు పోతాయి. మిగిలిన 26 పేర్లనే ఆ 100 మందీ పంచుకుంటారు.

ఎవరి తప్పు ఇది? ఎవరిదీ కాదు. ఎవరి సత్తువా తగ్గలేదు. నాణెం అలా పడింది, అంతే. అసలు ఇంగ్లండులో 1348, 1349 సంవత్సరాలలో మహామారి ప్లేగు వచ్చి జనంలో మూడో వంతుకు పైగా చనిపోయారు. అప్పుడప్పుడే మొలకెత్తుతున్న ఇంటిపేర్లు ఎన్నో ఆ దెబ్బకు మాయమయ్యాయి.

ఒక మాట. వాట్సన్ తన లెక్కలో ఒక పొరపాటు చేశాడు. జనాభా పెరుగుతున్నా సరే, ఎంతో కాలానికి ప్రతి ఇంటిపేరూ అంతరించి తీరుతుందని తేల్చాడు. అది తప్పు. సగటున ఒకరి కంటే ఎక్కువ కొడుకులుంటే కొన్ని పేర్లు శాశ్వతంగా నిలిచే అవకాశం ఉంది. 1927లో ఈ గణితాన్నే జె.బి.ఎస్. హాల్డేన్ జన్యువులకు వర్తింపజేశాడు. కొత్తగా పుట్టిన ఒక జన్యువు జనంలో నిలుస్తుందా, పోతుందా అన్నదీ ఇంటిపేరు లెక్కలాంటిదే. ఈ హాల్డేన్ 1957లో మన దేశానికి వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూశాడు.

క్రోమోజోము చెప్పిన సాక్ష్యం

ఇప్పుడు సైక్స్‌ల దగ్గరికి తిరిగి వెళదాం. యార్క్‌షైర్‌లో పిల్లవాగులు అనేకం. కాబట్టి సైక్స్ అనే పేరు అనేక చోట్ల, అనేక కుటుంబాలకు విడివిడిగా వచ్చి ఉంటుందని పండితులు అనుకున్నారు. దీన్ని పరీక్షించడం ఎలా?

మన ప్రతి కణంలోనూ 46 క్రోమోజోములు, అంటే 23 జతలు ఉంటాయని చదువుకున్నారు. వాటిలో ఒక జత ఆడా మగా తేడాను నిర్ణయిస్తుంది. ఆడవారిలో రెండు ఎక్స్‌లు, మగవారిలో ఒక ఎక్స్, ఒక వై. వై క్రోమోజోము తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వస్తుంది. ఇంగ్లండులో ఇంటిపేరు నడిచే దారీ ఇదే. పేరూ, వై క్రోమోజోమూ ఒకే బండిలో ప్రయాణం చేస్తున్నాయన్నమాట.

వై క్రోమోజోములో కొన్ని చోట్ల చిన్న అక్షరాల గుంపు మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఒకరిలో అది 14 సార్లు రావచ్చు, మరొకరిలో 15 సార్లు. ఈ సంఖ్య ఎన్నో తరాలకు ఒకసారి గాని మారదు. ఇలాంటి నాలుగు చోట్ల సంఖ్యలు రాసుకుంటే నంబరు తాళంలా ఒక గుర్తు వస్తుంది. ఉదాహరణకు 14, 22, 10, 13 అనుకోండి. ఇద్దరి గుర్తులు ఒకటే అయితే వాళ్ళు మగవరుసలో ఒకే పూర్వీకుడి సంతతి కావచ్చు.

ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో బ్రయాన్ సైక్స్ అనే జన్యుశాస్త్రజ్ఞుడు ఉండేవాడు. ఆయన ఇంటిపేరే సైక్స్. ఒక పెద్ద మందుల కంపెనీ అధిపతి రిచర్డ్ సైక్స్‌కూ తనకూ చుట్టరికం ఉందా అన్న కుతూహలంతో ఇద్దరి వై క్రోమోజోములనూ పోల్చి చూశాడు. కలిశాయి! దాంతో ఆ ప్రాంతాలలో ఉన్న సైక్స్ మగవారికి ఉత్తరాలు రాసి, 48 మంది నమూనాలు తెప్పించి పరీక్షించాడు. 2000 సంవత్సరంలో ఫలితం ప్రకటించాడు.

ఆ 48 మందిలో ఇంచుమించు సగం మందికి నాలుగు చోట్లా ఒకే గుర్తు! పోలిక కోసం అదే ప్రాంతంలో వేరే ఇంటిపేర్లు గలవారిని, దేశంలోని ఇతరులను పరీక్షించగా వారిలో ఆ గుర్తు కనబడలేదు. సుమారు 700 ఏళ్ళ కిందట ఒకే వాగు పక్క నివసించిన ఒకే మనిషి ఈ పేరుకు మూలపురుషుడని ఆయన భావించాడు.

మరి మిగతా సగం మంది?

మంచి ప్రశ్న. 700 ఏళ్ళంటే, తరానికి 30 ఏళ్ళ చొప్పున 23 తరాలు. ఇంటిపేరు తండ్రి నుంచే రానక్కరలేదు. పెంచుకున్న బిడ్డకు పెంచినవారి పేరు వస్తుంది. కొందరికి తల్లి ఇంటిపేరు వస్తుంది. ఆస్తి దక్కాలంటే మా పేరు పెట్టుకోవాలని షరతు పెట్టిన పెద్దలు ఇంగ్లండులో ఉండేవారు. మన ఇల్లరికం లాంటి ఏర్పాటు అనుకోండి. ఇలా పేరూ క్రోమోజోమూ దారులు విడిపోతాయి.

ఒక చిన్న లెక్క చేయండి. ప్రతి తరంలో 100కు 97 మందికి పేరు, క్రోమోజోము రెండూ కలిసి వచ్చాయనుకుందాం. ముగ్గురికి మాత్రమే విడిపోయాయి. 0.97ను 23 సార్లు గుణించండి. సుమారు 0.5 వస్తుంది. తరానికి ముగ్గురే అయినా, 23 తరాలకు సగం మంది వేరైపోతారు! కనుక ఆ మిగతా సగం మంది ఏదో తప్పు చేసినవారి సంతతి అనుకోవడం అవివేకం. వాళ్ళూ అంతే నిజమైన సైక్స్‌లు. ఆ పేరుతో పుట్టారు, పెరిగారు, ఆ ఇంట్లో అన్నం తిన్నారు.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. నాణెం ఆట గుర్తు తెచ్చుకోండి. మొదట పదిమంది సైక్స్‌లు ఉండి, తొమ్మిది శాఖలు అంతరించి, ఒక్క శాఖే విస్తరించినా నేడు మనకు కనబడేది దాదాపు ఇదే ఫలితం. లెస్టర్ విశ్వవిద్యాలయంలో టూరీ కింగ్, మార్క్ జోబ్లింగ్ అనే శాస్త్రజ్ఞులు 40 ఇంటిపేర్లకు చెందిన 1,678 మందిని పరీక్షించి 2009లో ఈ సంగతి వివరంగా చర్చించారు. అరుదైన పేరు గలవారిలో ఒకే గుర్తు చాలామందికి ఉంది. అటెన్‌బరో అలాంటి పేరు. 1982లో "గాంధీ" చలనచిత్రం తీసిన రిచర్డ్ అటెన్‌బరో ఇంటిపేరే అది. స్మిత్‌లలో మాత్రం దారినపోయే ఏ ఇద్దరినీ పోల్చినా ఎంత పోలిక ఉంటుందో అంతే ఉంది. 1853 పట్టిక చూసి మనం ఊహించినది క్రోమోజోములు కూడా ఒప్పుకున్నాయి!

రాజుగారిని గుర్తుపట్టినది ఎవరు?

ఇప్పుడు అసలు జవాబుకు దగ్గరికి వచ్చాం. 1485లో బోస్‌వర్త్ యుద్ధంలో మూడవ రిచర్డ్ అనే ఇంగ్లండు రాజు చనిపోయాడు. ఆయన సమాధి ఎక్కడో తెలియకుండా పోయింది. 2012లో లెస్టర్ నగరంలో కార్లు నిలిపే స్థలం కింద తవ్వితే ఒక అస్థిపంజరం బయటపడింది. అది రాజుదేనా?

మగవరుసలో ఆయనకు బంధువులని వంశవృక్షం చెబుతున్నవారి వై క్రోమోజోములతో పోల్చారు. కలవలేదు! ఆ పొడవైన వరుసలో ఎక్కడో పేరూ క్రోమోజోమూ విడిపోయాయి. మరి గుర్తుపట్టినది ఎలా? మన కణాలలో మైటోకాండ్రియా అనే భాగాలున్నాయి కదా. వాటికి సొంత డి.ఎన్.ఏ. ఉంటుంది. అది తల్లి నుంచి బిడ్డలందరికీ వస్తుంది, కాని కూతుళ్ళు మాత్రమే ముందుకు అందిస్తారు. రాజుగారి అక్క ఆన్ నుంచి కూతురు, కూతురి కూతురు, ఆమె కూతురు అంటూ వచ్చిన వరుసలో అప్పటికి బతికివున్న ఇద్దరి మైటోకాండ్రియా డి.ఎన్.ఏ. ఆ ఎముకలతో కలిసింది. 2014లో ఈ ఫలితాలు ప్రకటించారు.

ప్రతి తరంలోనూ ఇంటిపేరు మారిపోతూ వచ్చిన ఆడవరుస అది. అయిదు శతాబ్దాల తర్వాత రాజుకు సాక్ష్యం చెప్పినది ఆ వరుసే.

నాయనమ్మగారికి జవాబు

మర్నాడు క్లాసులో ఆ అమ్మాయికి నేను బోర్డు మీద ఒక లెక్క రాసి చూపాను. తల్లిదండ్రులు ఇద్దరు. తాతలు, అమ్మమ్మ నాయనమ్మలు కలిసి నలుగురు. వారి తల్లిదండ్రులు ఎనిమిది మంది. ఇలా పది తరాలు వెనక్కి వెళితే 1,024 స్థానాలు. దగ్గరి పెళ్ళిళ్ళ వల్ల ఒకే మనిషి రెండు మూడు స్థానాలలో రావచ్చు, అది వేరే సంగతి. ఆ 1,024లో మీ ఇంటిపేరు తెచ్చినది ఒకే ఒక్క స్థానం. మిగిలిన 1,023 స్థానాల వారు లేకపోతే మీరు లేరు, కాని వారి పేరు మీ పేరులో ఉండదు.

"మరి మా నాన్న?" అంది.

"మీ నాన్నగారి 23 క్రోమోజోములు నీలో ఉన్నాయి. మీ అక్కకూ చెల్లెలికీ కూడా 23 చొప్పున వచ్చాయి. మీకు రానిది వై ఒక్కటే. దాని బదులు ఆయన తన ఎక్స్ ఇచ్చాడు. అది ఆయనకు ఎవరిచ్చారు?"

ఆమె కాసేపు ఆలోచించి, "నాన్నకు ఎక్స్ వాళ్ళ అమ్మ దగ్గర్నుంచే రావాలి. మా నాయనమ్మ!" అంది. క్లాసంతా చప్పట్లు కొట్టింది.

చూశారా? నాయనమ్మ నుంచి కొడుకుకు వచ్చిన ఆ ఒక్క ఎక్స్‌నే అతడు కూతుళ్ళందరికీ ఇస్తాడు. కొడుకుకు అయితే వై ఇస్తాడు, నాయనమ్మ ఎక్స్ అతనికి చేరదు. వంశం ఆగిపోయిందని దిగులుపడే నాయనమ్మగారి ఎక్స్ క్రోమోజోము చేరినది ఆ ముగ్గురు ఆడపిల్లలకే! ఆగేది పేరు మాత్రమే. ఆ పేరును కూడా ఆడపిల్లలు కావాలనుకుంటే నిలుపుకోవచ్చు. అది మనుషులు ఏర్పరచుకున్న ఆచారమే గాని, ప్రకృతి పెట్టిన నియమం కాదు.

చివరగా ఒక ముచ్చట. యార్క్‌షైర్‌లో బ్రాడ్‌ఫర్డ్ దగ్గర 1790లో పుట్టిన విలియం హెన్రీ సైక్స్ అనే ఆయన ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి మన దేశానికి వచ్చాడు. దక్కను పీఠభూమిలో జనాభా, వర్షపాతం, పంటలు లెక్కపెడుతూనే అక్కడి పక్షులనూ జంతువులనూ పరిశీలించి, 1832లో జాబితా ప్రకటించాడు. దక్కను మెట్టనేలల్లో తిరిగే, తలమీద చిన్న జుట్టు గల మట్టిరంగు పిట్ట ఒకదాన్ని శాస్త్రలోకానికి మొదట వర్ణించినది ఆయనే. దాన్ని నేటికీ "సైక్స్ లార్క్" అంటారు. ఎక్కడో యార్క్‌షైర్ కొండల్లోని పిల్లవాగు పేరు, మన మెట్టచేలలోని పిట్టకు వచ్చి చేరింది. దీనికి ఏ క్రోమోజోమూ అక్కరలేకపోయింది. పని చేసినవాడి పేరు పనితో నిలిచింది.

మీరే చేసి చూడండి

1. మిత్రులతో కలిసి 20 ఊహా కుటుంబాలతో నాణెం ఆట అయిదు తరాలు ఆడండి. ఎన్ని పేర్లు మిగిలాయో రాయండి. మళ్ళీ ఆడితే అదే జవాబు వస్తుందా? ఎందుకు రాదు?

2. మీ తాతలు, అమ్మమ్మ, నాయనమ్మల పుట్టింటి పేర్లు కూడా అడిగి ఒక పటం గీయండి. ముత్తవ్వల పుట్టింటి పేర్లు ఎన్ని దొరికాయి? దొరకనివి ఎక్కువగా ఆడవారివా, మగవారివా?

3. ఒక మగపిల్లవాడికి ఎక్స్ క్రోమోజోము తాతగారి నుంచి రాగలదా? ఏ తాతగారి నుంచి? పటం గీసి నిరూపించండి.